పాత దెబ్బ ఉన్న కార్నియాలో లొంగని పుండు: కేఓహెచ్‌లో ఫంగస్ అంటున్నారు, నాటమైసిన్‌కి తగ్గట్లేదు

అమలాపురం_స్లిట్‌ల్యాంప్
58 ఏళ్ల వ్యవసాయ కూలీ. కుడి కంట్లో శుక్లం ఆపరేషన్ తర్వాత బుల్లస్ కెరటోపతీ వచ్చింది, అంటే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) నీరుపట్టి పైన బొబ్బలు లేస్తాయి. నొప్పి తెలియకుండా బ్యాండేజ్ లెన్స్ (కార్నియాని కప్పే మెత్తటి కాంటాక్ట్ లెన్స్) మీద నెట్టుకొస్తున్నాడు. సార్వా నూర్పిళ్లలో తాలూ దుమ్మూ పడ్డాక కన్ను ఎర్రబడింది. మందుల షాపులో మోక్సిఫ్లోక్సాసిన్ (యాంటీబయాటిక్), డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) కలిసిన చుక్కలిచ్చారు, వారం వేశాడు. తర్వాత ఒకచోట కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి ఫంగస్ కోసం చూసే స్లైడు పరీక్ష) చేసి "ఫంగల్ ఫిలమెంట్స్, అక్కడక్కడా" అని రాశారు. అప్పట్నుంచీ ఫంగస్ మందు నాటమైసిన్ 5 శాతం గంటకోసారి. మొత్తం మూడు వారాలు దాటింది. తగ్గలేదు సరికదా, అంచు పాకుతోంది.

ఇప్పుడు చూస్తే ఇన్‌ఫిల్ట్రేట్ (కణాలు చేరి తెల్లబడ్డ చోటు) 3.5 × 3 మి.మీ. మధ్యలో కాస్త తేటగా ఉంది, చుట్టూ గుండుసూది మొనంత తెల్లచుక్కలు. హైపోపియన్ (కార్నియా వెనక అడుగున పేరుకున్న చీము) అర మి.మీ. పుండు సైజుకి తగ్గ నొప్పి లేదు. బయటి ల్యాబ్ కల్చర్ "48 గంటలకు పెరుగుదల లేదు" అని వచ్చింది.

ఇంకో ఫంగస్ మందు వోరికొనజోల్ కలపాలా, అసలు దారే తప్పామా? విజయవాడో విశాఖో వెళ్లమంటే రోజు కూలి పోతుందని కదలట్లేదు. మన దగ్గర చేయగలిగింది చెప్పండి.

ప్లేట్‌రీడర్
48 గంటలకే ప్లేటు మూసేస్తే దాన్ని కల్చర్ రిపోర్టు అనలేమండి. మీరు చెప్పిన లక్షణాలకు సరిపోయే బాక్టీరియాల్లో చాలావాటికి అప్పటికి కాలనీ కంటికి ఆనదు.

ఆ స్లైడులో ఫిలమెంట్ మందం ఎంతో ఎవరైనా చూశారా? ఫంగస్ హైఫాలు (దారాల్లాంటి పోగులు) మామూలుగా 2 మైక్రాన్లకి పైనే ఉంటాయి, గోడలు రెండు గీతల్లా కనబడతాయి. 1 మైక్రానో, అంతకన్నా సన్నమో అయి, కొమ్మలేసి, పూసలు గుచ్చినట్టు తెగుతూ ఉంటే అది నోకార్డియా. అది ఫంగస్ కాదు, బాక్టీరియా. నాటమైసిన్ బిందెలతో పోసినా దానికి పట్టదు.

గోదారికార్నియా
చుట్టూ చుక్కలు, మధ్యలో తేట, నొప్పి తక్కువ, మట్టీ పంటా తగిలిన చరిత్ర, మధ్యలో స్టెరాయిడ్. ఇన్ని కలిస్తే నోకార్డియానే ముందు అనుకోవాలి. ఆ చుక్కల వరసని దండలా ఉందంటారు. అన్ని కేసుల్లో దండ ఉండదు. ఉంటే మాత్రం వదలకూడదు.

ఇవాళే చేయాల్సినవి. స్టెరాయిడ్ ఏ రూపంలో ఉన్నా ఆపండి. ఇంట్లో ఆ సీసా మిగిలి ఉంటే తెప్పించి చూడండి. చాలామంది "ఎర్రగా ఉందని అదొక్క చుక్క" వేస్తూనే ఉంటారు. బ్యాండేజ్ లెన్స్ తీసేయండి, పారేయకుండా స్టెరైల్ ఫోర్సెప్స్‌తో థయోగ్లైకొలేట్ బ్రాత్‌లో (బాక్టీరియా పెంచే ద్రవం) వేసి ల్యాబ్‌కి పంపండి. వోరికొనజోల్ వద్దు. మళ్లీ స్క్రేపింగ్ చేయండి, అంటే పుండు గీకి పరీక్షకి తీయండి.

నరసాపురం_నేత్ర
స్క్రేపింగ్ దేనికి, గుర్తులన్నీ ఉన్నాయిగా. నోకార్డియాకి పనిచేసే అమికాసిన్ చుక్కలు 2.5 శాతం మొదలుపెట్టి మూడు రోజులు చూస్తే తెలిసిపోతుంది. మూడు వారాలు పోయాయి, ఇంకా ఆలస్యమెందుకు?

గోదారికార్నియా
@నరసాపురం_నేత్ర స్క్రేపింగ్‌కి పట్టేది పావుగంట, డాక్టర్ గారూ. అది చేశాక అదే కూర్చున్నచోటే అమికాసిన్ మొదటి చుక్క వేయొచ్చు. ముందు చుక్కలేస్తే రెండు రోజుల్లో పైపొరలోని బాక్టీరియా పోయి, లోపలిది మిగులుతుంది. అప్పుడు స్క్రేప్ చేస్తే ఏమీ దొరకదు, తగ్గకపోతే ఎందుకు తగ్గలేదో చెప్పేవాళ్లుండరు. పైగా దెబ్బతిన్న కార్నియాలో ఒకటికి రెండు కలిసి ఉండటం మామూలే. స్క్రేపింగ్‌లో ఇంకో మేలూ ఉంది. పైన పేరుకున్న కుళ్లిన కణజాలం పోయి మందు లోపలికి దిగుతుంది.

నరసాపురం_నేత్ర
సరే, ఆ క్రమం ఒప్పుకుంటాను. స్క్రేపింగ్ ఆపరేషన్ థియేటర్ దాకా తీసుకెళ్లి రెండు రోజులు వాయిదా వేయకపోతే చాలు.

పీజీ_కాకినాడ
స్క్రేపింగ్ ముందు అన్ని చుక్కలూ 24 గంటలు ఆపాలని పుస్తకంలో ఉంది. హైపోపియన్ ఉన్న కంటికి అలా ఆపొచ్చా మేడమ్?

గోదారికార్నియా
చిన్న, నెమ్మది పుండు, మందు వేస్తున్నా కల్చర్ రానిది, అలాంటిదానికి 12 నుంచి 24 గంటలు ఆపొచ్చు. లోతుగా పోతున్నదానికీ, పలచబడ్డదానికీ ఆపకూడదు, అలాగే స్క్రేప్ చేయాలి. ఈ పేషంటుకి ఇప్పుడు పడుతున్నది నాటమైసినే కాబట్టి నోకార్డియా కల్చర్‌కి అడ్డం రాదు. నాటమైసిన్ తెల్లగా పుండుకి అతుక్కుని ఉంటుంది, ముందు దాన్ని సెలైన్‌తో కడిగేయండి. లేకపోతే స్లైడు నిండా అదే.

ప్లేట్‌రీడర్
స్క్రేపింగ్ ల్యాబ్ వైపు నుంచి ఎలా కావాలో రాస్తున్నా, ప్రింటు తీసి పెట్టుకోండి.

మత్తుకి ప్రొపారకైన్ 0.5 శాతం. మిగతా మత్తుచుక్కలతో పోలిస్తే బాక్టీరియాని తక్కువ చంపుతుంది. పొవిడోన్ అయోడిన్ ముందు వేయొద్దు. దూదిపుల్ల వాడొద్దు, దూదిలోని కొవ్వు ఆమ్లాలు కొన్నిటిని పెరగనివ్వవు, పైగా గీకిన సరుకంతా దూదికే అంటుకుంటుంది. 15 నంబరు బ్లేడు గానీ కిమురా స్పాచులా గానీ తీసుకోండి. పైన ఉన్న పుసీ మ్యూకసూ తుడిచేశాకే అసలు స్క్రేపింగ్. అంచునుంచీ అడుగునుంచీ రెండుచోట్లా తీయాలి. నోకార్డియాకి ఆ చుక్కలున్న అంచే ముఖ్యం.

ముందు స్లైడులా, ముందు ప్లేట్లా అని ఎప్పుడూ గొడవ. సరుకు తక్కువైతే మొదట రెండు స్లైడులు, తర్వాత బ్లడ్ అగర్, తర్వాత మిగతావి. స్లైడు వెనకవైపు గ్లాసు పెన్సిల్‌తో సెంటీమీటరు వెడల్పు గుండ్రం గీసి సరుకు దాని మధ్యలోనే పెట్టండి. లేకపోతే మేం పావుగంట వెతుక్కోవాలి. ఒక స్లైడుకి గ్రామ్ రంగు, ఒకటి కేఓహెచ్‌తో కాల్కోఫ్లోర్ (ఫంగస్‌ని మెరిపించే రంగు), ఒకటి 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో యాసిడ్‌ఫాస్ట్ (ఆమ్లంతో కడిగినా ఎరుపు నిలుస్తుందా అని చూసేది), ఇంకొకటి మిగిలితే 20 శాతంతో.

ప్లేటు మీద ఇంగ్లీషు "సి" అక్షరంలా గీతలు గీయండి, అగర్‌ని కోయకుండా. గీత మీద పెరిగితే పుండులోది, గీత బయట పెరిగితే గాలిలోంచి పడ్డది. ప్లేటు ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చాకే వాడాలి. బ్లడ్ అగర్, చాకొలేట్ అగర్, సబూరో, థయోగ్లైకొలేట్, ఈ నాలుగు కల్చర్ మాధ్యమాలూ కనీసం.

ల్యాబ్_తణుకు
మా దగ్గర చాకొలేట్ అగర్ ఉంటుంది, సీఓ2 ఇంక్యుబేటర్ లేదు. పనికొస్తుందా?

ప్లేట్‌రీడర్
కొవ్వొత్తి జాడీ (లోపల కొవ్వొత్తి వెలిగించి మూసేది) చాలు. మూత గాలి దూరకుండా బిగియాలి, అడుగున తడిదూది ఒకటి. అసలు ఇబ్బంది వేరే: రెండు వారాలు ఉంచేసరికి ప్లేటు ఎండి పగిలిపోతుంది. అంచుకి టేపు చుట్టి, తడిదూదితో పాటు పాలిథిన్ సంచిలో పెట్టి ఇంక్యుబేటర్‌లో ఉంచండి. కనీసం 7 రోజులు, ఇలాంటి అనుమానం రాసి పంపిన కేసుకి 14 రోజులు. అనుమానం ఏంటో రిక్వెస్ట్ ఫారంలో రాయకపోతే ల్యాబ్ వాళ్లకి తెలిసే దారి లేదు. "కార్నియల్ అల్సర్, సి అండ్ ఎస్" (కల్చర్, ఏ మందుకి లొంగుతుందో చూసే సెన్సిటివిటీ) అని మాత్రం రాసి పంపితే ఎవరైనా మూడో రోజు పారేస్తారు.

ల్యాబ్_తణుకు
1 శాతం ఆమ్లానికీ 20 శాతానికీ తేడా ఎక్కడ? మా దగ్గర టీబీ కిట్ ఒక్కటే.

ప్లేట్‌రీడర్
టీబీ కిట్‌లో రంగు తీసే ఆమ్లం బలంగా ఉంటుంది. నోకార్డియా పట్టుకున్న రంగు అందులో పోతుంది, "యాసిడ్‌ఫాస్ట్ లేదు" అని తప్పు రిపోర్టు వెళుతుంది. 1 శాతానికి ఎరుపు నిలిచి 20 శాతానికి పోతే నోకార్డియా వైపు. 20 శాతానికి కూడా నిలిస్తే క్షయేతర మైకోబాక్టీరియా, అంటే చెలోనే, ఫార్చ్యుటమ్, ఆబ్సెసస్ లాంటివి.

1 శాతం తయారీ: 99 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లోకి 1 మి.లీ. గాఢ ఆమ్లం మెల్లగా. నీళ్లలోకి ఆమ్లమే పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ కాదు. కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి లేచేదాకా వేడిచేసి, మరగనీయకుండా 5 నిమిషాలు. కడిగి, ఆమ్లం వేసి, పైనుంచి కారే నీళ్లలో ఎరుపు ఆగగానే కడిగేసి, మిథిలీన్ బ్లూ ఒక నిమిషం. ప్రతిసారీ పక్కన తెలిసిన స్లైడు ఒకటి పెట్టి చేయండి.

ఒక హెచ్చరిక. నోకార్డియా కొంత భాగం ఎరుపు, కొంత భాగం నీలంగా ఉండొచ్చు. ఎరుపు రాలేదని తీసిపారేయొద్దు. గ్రామ్‌లో పూసల్లాంటి సన్నని కొమ్మలుంటే అదే పెద్ద సాక్ష్యం. కాల్కోఫ్లోర్‌లో ఫంగస్ మెరుస్తుంది, నోకార్డియా మెరవదు. మొదటి రిపోర్టు కేఓహెచ్ ఒక్కదానితో ఇచ్చారు కాబట్టే ఈ తికమక.

విజన్‌సెంటర్_రాజోలు
మా దగ్గర స్లిట్‌ల్యాంప్ ఉంది, ల్యాబ్ లేదు. స్లైడులు తీసి బస్సులో పంపితే పాడవవా?

ప్లేట్‌రీడర్
ఆరిన స్లైడు పాడవదు. గాలికి ఆరనిచ్చి స్లైడు పెట్టెలో పెట్టి, పేరూ కన్నూ తేదీ పెన్సిల్‌తో రాసి పంపండి. కల్చర్‌కి ఏమీస్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం, గది వేడిలోనే, ఐస్ మీద పెట్టొద్దు. అయితే ట్రైనింగ్ లేనివాళ్లు పలచబడ్డ కార్నియా మీద బ్లేడు పెట్టకూడదు. అంతకంటే పేషంటునే పంపడం మంచిది.

ఉప్పునీరు
అన్నీ నెమ్మదివే చెబుతున్నారు. భీమవరం వైపు ఇంకో రకం ఉంటుంది, అది 24 గంటల్లో కన్ను తీసేస్తుంది. రొయ్య తల మీది ముల్లు గుచ్చుకోవడం, ఏరేటర్ దగ్గర చెరువునీళ్లు మొహాన కొట్టడం, చెరువులో సున్నం చల్లేప్పుడు కంట్లో పడి మళ్లీ ఆ చెరువునీళ్లతోనే కడుక్కోవడం. సున్నం కాలిన కార్నియాకి పైపొర ఉండదు, ఆ మీద చెరువునీళ్లంటే విబ్రియో, ఏరోమోనాస్ అనే నీటి బాక్టీరియాలకి తలుపు తీసినట్టే.

ఉదయం గీత, సాయంత్రానికి చీము, రెప్పలు వాచిపోయి, అంచు మెత్తబడి కరుగుతుంటే సూడోమోనాస్ బాక్టీరియా అని సిప్రో ఇచ్చి ఇంటికి పంపేయకండి. నీళ్ల చరిత్ర అడగండి.

ల్యాబ్_తణుకు
విబ్రియోకి ఉప్పు కలిపిన ప్లేటు కావాలంటారు, అది లేకపోతే?

ప్లేట్‌రీడర్
మామూలు బ్లడ్ అగర్‌లో అర శాతం ఉప్పు ఉంటుంది, విబ్రియో రకాలైన వల్నిఫికస్‌కీ ఆల్జినోలైటికస్‌కీ అది సరిపోతుంది. ఆక్సిడేజ్ అనే ఎంజైము పరీక్ష పాజిటివ్ అని సూడోమోనాస్‌గా రాసేయడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఆ పరీక్ష బ్లడ్ అగర్ కాలనీ మీదే చేయాలి, మకాంకీ ప్లేటు గానీ విబ్రియో కోసం వాడే టీసీబీఎస్ ప్లేటు గానీ కాలనీ మీద చేస్తే తప్పు చూపిస్తుంది. టీసీబీఎస్‌లో ఆల్జినోలైటికస్ పసుపు, వల్నిఫికస్ మామూలుగా ఆకుపచ్చ. ఉప్పు అసలు లేని బ్రాత్‌లో ఏరోమోనాస్ పెరుగుతుంది, ఈ రెండు విబ్రియోలు పెరగవు. ఓ/129 అనే మందు డిస్కు 150 మైక్రోగ్రాములకి విబ్రియో సాధారణంగా ఆగుతుంది, ఏరోమోనాస్ ఆగదు.

గోదారికార్నియా
ఆ చరిత్ర ఉన్నవాళ్లకి సెఫ్టజిడీమ్ 5 శాతం, ఒక ఫ్లోరోక్వినోలోన్, రెండూ మొదటి గంట 5 నిమిషాలకోసారి, తర్వాత గంటకోసారి రాత్రంతా. లివరు జబ్బు ఉండి జ్వరమో, ఒంటి మీద ఎక్కడైనా పుండో ఉంటే వల్నిఫికస్ రక్తంలోకి పోయే ప్రమాదం ఉంది, అప్పుడది కంటి కేసు మాత్రమే కాదు, ఫిజీషియన్‌ని పిలవాలి.

సున్నం పడ్డ కంటిని వెంటనే శుభ్రమైన నీళ్లతో కడగడం మొదలుపెట్టి అరగంట కడగాలి, మధ్యలో రెప్ప రెండుసార్లు తిప్పి లోపల ఇరుక్కున్న రేణువులు తీయాలి. బోరునీళ్లో తాగేనీళ్లో ఏవైనా సరే, చెరువునీళ్లు మాత్రం కాదు. ఈ ఒక్కమాట చెరువుల మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ చేరాలి.

చుక్కలసీసా
అమికాసిన్ 2.5 శాతం తయారీలో తరచూ తప్పు జరుగుతుంది, రాసి పెడతాను. ఇంజెక్షన్ వయల్ 2 మి.లీ. అని చూసి సరిపెట్టుకోవద్దు. మార్కెట్లో 2 మి.లీ.లో 500 మి.గ్రా., 250 మి.గ్రా., 100 మి.గ్రా. మూడూ ఉన్నాయి, వయళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి. 500ది అయితే 1 మి.లీ. తీసి 9 మి.లీ.లో కలపాలి. 250ది అయితే మొత్తం 2 మి.లీ. తీసి 8 మి.లీ.లో. ఏదైనా చివరికి 10 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండాలి. 100ది వాడితే మందు పలచన అయిపోతుంది, తగ్గలేదని ఇంకో మందు మారుస్తారు.

10 మి.లీ. కృత్రిమ కన్నీళ్ల సీసాలోంచి స్టెరైల్ సిరంజితో 1 మి.లీ. తీసేసి, 500 వయల్‌లోది 1 మి.లీ. కలిపితే లెక్క సరిగ్గా సరిపోతుంది. లామినార్ హుడ్ లేకపోతే థియేటర్‌లో, ఫ్యాన్ ఆపి, గ్లౌజులూ మాస్కూ వేసుకుని చేయండి. లేబుల్ మీద మందు, శాతం, తయారు చేసిన తేదీ, పారేయాల్సిన తేదీ.

విజన్‌సెంటర్_రాజోలు
ఫ్రిజ్ లేని ఇళ్లకి?

చుక్కలసీసా
అమికాసిన్ కొంచెం ఓర్చుకుంటుంది. సెఫజోలిన్, సెఫ్టజిడీమ్ ఓర్చుకోవు. సెఫజోలిన్ పసుపు తిరిగితే పారేయాలి. ఫ్రిజ్ లేనివాళ్లకి ఒకేసారి వారానికి ఇవ్వకుండా, 5 మి.లీ. చొప్పున చిన్న సీసాల్లో పంచి ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజులకొకటి ఇవ్వండి. ఆశా కార్యకర్త దగ్గర టీకాల ఐస్ బాక్సులో పెట్టడం నియమాలకి విరుద్ధం, అడగొద్దు.

ఇంకోటి. వాంకోమైసిన్, సెఫ్టజిడీమ్ ఒకే సీసాలో కలిపితే తెల్లగా విరిగిపోతుంది. కంట్లో కూడా మధ్యలో 5 నుంచి 10 నిమిషాలు ఎడం ఉండాలి.

గ్రాఫ్ట్_కుట్టు
దెబ్బతిన్న కార్నియాలంటే గ్రాఫ్ట్‌లని (మార్పిడి చేసిన కార్నియాలని) మర్చిపోకండి. కుట్టు వదులైన చోట ఎర్రదనం లేకుండా, పైపొర చెక్కుచెదరకుండా, లోపల చెట్టుకొమ్మల్లా తెల్లని సూదులు పాకుతుంటే అది క్రిస్టలైన్ కెరటోపతీ. ఎక్కువగా విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్. గ్రాఫ్ట్ కోసం స్టెరాయిడ్ నెలల తరబడి పడుతుంటుంది కాబట్టి కన్ను ప్రశాంతంగా కనబడుతుంది, "మచ్చ" అని వదిలేస్తారు.

పైపైన గీకితే ఏమీ రాదు, సరుకు పొరల మధ్యలో ఉంటుంది. 8-0 సిల్కు దారం ఆ తెల్లదనం గుండా పోనిచ్చి లాగి, ఆ దారాన్నే ముక్కలు చేసి ప్లేటు మీదా బ్రాత్‌లోనూ వేయండి. అదీ రాకపోతే 2 మి.మీ. ట్రెఫైన్‌తో (గుండ్రంగా కోసే పరికరం) బయాప్సీ. వదులైన కుట్టు తీసినప్పుడల్లా దాన్ని కల్చర్‌కి పంపండి. కుట్టు తీసేటప్పుడు బయట ఉన్న భాగాన్ని లోపలినుంచి లాగకుండా, ముడి ఉన్న వైపు పట్టి తీయాలి.

ప్లేట్‌రీడర్
+1. గ్రామ్‌లో గొలుసులు కనబడి ప్లేటు ఖాళీగా ఉంటే అబియోట్రోఫియా అయి ఉండొచ్చు. ఆ బాక్టీరియాకి పిరిడాక్సాల్ (విటమిన్ బి6 రూపం) కావాలి. బ్లడ్ అగర్ మీద అడ్డంగా స్టాఫ్ ఆరియస్ ఒక గీత గీస్తే ఆ గీత పక్కనే చిన్నచిన్న కాలనీలు లేస్తాయి.

నరసాపురం_నేత్ర
పాత "పువ్వు" ఉన్న కళ్లలో, షుగరో తాగుడో ఉన్నవాళ్లలో మోరాక్సెల్లా బాక్టీరియా కూడా వస్తుంది. గ్రామ్‌లో లావుపాటి గులాబీ రంగు జంట బాసిల్లై (కడ్డీల్లాంటివి), కొసకి కొస. మందుకు లొంగుతుంది, కానీ చాలా నెమ్మదిగా. నాలుగు రోజులకే తగ్గలేదని మందు మార్చడంతోనే ఆ కేసులు చెడతాయి. సెన్సిటివిటీ సరిగ్గా ఉంటే ఓపిక పట్టాలి.

ఉప్పునీరు
ఓపికా, మొండితనమూ ఎక్కడ విడగొడతారు?

నరసాపురం_నేత్ర
పెద్దది కాకపోవడమే మొదటి వారం విజయం. రోజూ స్లిట్ బీమ్‌తో రెండు దిక్కుల కొలత, లోతు, పలచదనం, హైపోపియన్ ఎత్తు ఒకే చార్టులో రాయాలి. కొలతలు నిలకడగా ఉండి అంచులు మొద్దుబారుతుంటే ఆగండి. ఒక్కటి పెరిగినా మళ్లీ స్క్రేపింగ్.

పీజీ_కాకినాడ
సెన్సిటివిటీలో "సూడోమోనాస్ జాతి, అమికాసిన్ రెసిస్టెంట్, జెంటా రెసిస్టెంట్" అని వస్తే?

ప్లేట్‌రీడర్
ఆ "జాతి" అన్నదాన్ని ల్యాబ్‌తో తేల్పించండి. గ్రాఫ్ట్‌లలో, బ్యాండేజ్ లెన్స్‌లలో అక్రోమోబాక్టర్, స్టెనోట్రోఫోమోనాస్ అనే వేరే బాక్టీరియాలు వస్తాయి, రెండూ ఆ పేరుతోనే తప్పించుకుంటాయి. స్టెనోట్రోఫోమోనాస్‌కి ఇమిపెనెమ్ సహజంగానే పనిచేయదు, కోట్రైమోక్సజోల్, లెవోఫ్లోక్సాసిన్ చూడాలి. అక్రోమోబాక్టర్‌కి అమినోగ్లైకోసైడ్లు దండగ, సెఫ్టజిడీమ్, పిపెరాసిలిన్ చూడాలి. ఏ సీసాలోంచి వచ్చిందో కూడా వెతకండి. 2023లో అమెరికాలో కృత్రిమ కన్నీళ్ల సీసాల ద్వారా కార్బాపెనెమ్‌కి లొంగని సూడోమోనాస్ 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది, నలుగురు చనిపోయారు. ఎండిన కళ్లకి రోజూ వేసే సీసా అది.

అమలాపురం_స్లిట్‌ల్యాంప్
మళ్లీ స్క్రేప్ చేశాను. గ్రామ్‌లో సన్నని, కొమ్మలున్న, పూసల్లాంటి గ్రామ్ పాజిటివ్ ఫిలమెంట్స్. కాకినాడకి పంపిన స్లైడులో 1 శాతానికి ఎరుపు నిలిచింది, 20కి పోయింది. కాల్కోఫ్లోర్‌లో మెరుపు లేదు. బ్లడ్ అగర్‌లో నాలుగో రోజుకి గీతల మీద సుద్దలా పొడిగా తెల్ల కాలనీలు, మూత తీస్తే తడిమట్టి వాసన. నాటమైసిన్ ఆపేశాను, స్క్రేపింగ్ అయిన వెంటనే మొదలుపెట్టిన అమికాసిన్ గంటకోసారి నడుస్తోంది. హోమాట్రోపిన్ (కంటిపాప పెద్దది చేసే చుక్కలు) 2 శాతం మూడుసార్లు. ఎన్నాళ్లు? స్టెరాయిడ్ ఎప్పుడైనా కలపొచ్చా, మచ్చ తగ్గడానికి?

గోదారికార్నియా
స్టెరాయిడ్ వద్దు. 500 మందితో చేసి 2012లో ప్రచురించిన స్కట్ అనే స్టెరాయిడ్ పరిశీలనలో మిగతా బాక్టీరియా పుండ్లకి స్టెరాయిడ్ వల్ల పెద్ద నష్టం కనబడలేదు. నోకార్డియా ఉన్నవాళ్లలో మాత్రం మచ్చ ఇంకా పెద్దదైంది. ఆ తేడా కోసమైనా స్క్రేపింగ్ చేసి తీరాలి.

మొదటి 48 గంటలు రాత్రి కూడా గంటకోసారి. తర్వాత పగలు గంటకి, రాత్రి మూడు గంటలకి. చుక్కలు పలచబడి పైపొర మూస్తుంటే రెండు గంటలకోసారి. మొత్తం అయ్యేసరికి చాలా వారాలు పడుతుంది, పైకి మానింది కదా అని ఆపేస్తే లోపలిది లేస్తుంది. ఎర్రదనం కింది భాగంలోనే పెరిగి, ఇన్‌ఫిల్ట్రేట్ తగ్గుతున్నా పైపొర మాత్రం మూయకపోతే అది అమికాసిన్ చేసే మంట, ఇన్‌ఫెక్షన్ కాదు. చుక్కల సంఖ్య తగ్గించండి, మందు మార్చొద్దు. బుల్లస్ కెరటోపతీ కన్ను కాబట్టి ఈ మంట మామూలు కంటికంటే ముందే వస్తుంది.

పీజీ_కాకినాడ
కోట్రైమోక్సజోల్ (సల్ఫా మందు) ఇంజెక్షన్‌ని చుక్కలుగా కలిపితే త్వరగా తగ్గదా?

గోదారికార్నియా
వాడతారు, ఇంజెక్షన్‌ని కలపకుండా అలాగే. దానికి ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: గతంలో సల్ఫా మాత్రకి ఒళ్లు బొబ్బలెక్కి, నోరు పుండై, ఆసుపత్రిలో పడ్డారా? కార్నియా దెబ్బతినడానికి కారణమే స్టీవెన్స్-జాన్సన్ (ఇలా మందు పడక వచ్చే జబ్బు) అయిన పేషంట్లు మన దగ్గర ఉన్నారు. వాళ్లకి చుక్కగా కూడా ఇవ్వకూడదు. ఈ పేషంటుకి అమికాసిన్ పనిచేస్తున్నంతకాలం అక్కర్లేదు.

ల్యాబ్_తణుకు
ఇంకొక అనుమానం. హైఫాలు రిబ్బన్లలా వెడల్పుగా, అడ్డగోడలు అరుదుగా ఉండి, నాటమైసిన్‌కి తగ్గకపోతే అదీ నోకార్డియానేనా?

ప్లేట్‌రీడర్
కాదు, అది పిథియం అయి ఉండొచ్చు. బాక్టీరియా కాదు, ఫంగస్ కూడా కాదు. వరిచేలూ చెరువులూ దాని ఇల్లు. అయోడిన్-సల్ఫ్యూరిక్ ఆమ్లం రంగుకి నీలినల్లగా మారుతుంది, ఫంగస్ పసుపుగా ఉంటుంది. లినెజోలిడ్ ఇన్ఫ్యూజన్ 0.2 శాతం అలాగే చుక్కలుగా, తోడు అజిత్రోమైసిన్. ఆలస్యమైతే గ్రాఫ్ట్ తప్పదు. దాని గురించి వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలిపితే వెతుక్కునేవాళ్లకి దొరకదు.

విజన్‌సెంటర్_రాజోలు
మాలాంటి చోట ఏది చూడగానే పంపేయాలో ఒక్కమాటలో కావాలి.

గోదారికార్నియా
ముందే మచ్చ, గ్రాఫ్ట్, బ్యాండేజ్ లెన్స్, మూతపడని రెప్ప, స్పర్శ లేని కార్నియా. వీటిలో ఏది ఉన్నా, కొత్తగా తెల్లదనం కనబడితే అదే రోజు పంపండి. మామూలు కంటికి ఇచ్చే రెండు రోజుల గడువు వీళ్లకి లేదు. నొప్పి లేదన్నది భరోసా కాదు, ఆ కార్నియాకి నొప్పి తెలియకపోవచ్చు. స్పర్శ చూడాలంటే ఫ్లోరెసీన్ వేయకముందే, మత్తుచుక్క వేయకముందే, దూది కొసతో చూడండి. ప్యాడ్ కట్టొద్దు, ప్లాస్టిక్ షీల్డు చాలు. వేస్తున్న సీసాలన్నీ, పాత చీటీలతో సహా, సంచిలో వేసి పంపండి. ఆముదం, చనుబాలు, ఆకుపసరు వేశారా అని కోప్పడకుండా అడగండి, లేకపోతే చెప్పరు.

అమలాపురం_స్లిట్‌ల్యాంప్
బ్యాండేజ్ లెన్స్ మళ్లీ ఎప్పుడు పెట్టొచ్చు? లేకుండా బొబ్బలు పగిలి నిద్రపోలేకపోతున్నాడు.

గ్రాఫ్ట్_కుట్టు
ఇన్‌ఫిల్ట్రేట్ పూర్తిగా మచ్చగా మారి, మందు ఆపి కొన్ని వారాలు గడిచేదాకా వద్దు. అప్పటిదాకా ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, 5 శాతం సోడియం క్లోరైడ్ చుక్కలు పగలు, ఆయింట్‌మెంట్ రాత్రి. లెన్స్ తప్పనిసరైతే నెలకోసారి మారుస్తూ, ప్రతిసారీ కొత్తది. కడిగి మళ్లీ పెట్టొద్దు. చూపు వచ్చే అవకాశం ఉంటే, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గాక ఎండోథీలియల్ గ్రాఫ్ట్‌కి (కార్నియా లోపలి పొర మార్పిడి) రాయించండి, లెన్స్ మీద ఏళ్ల తరబడి ఉంచొద్దు. విజయవాడ తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కార్నియా విభాగం ఉంది, ఇక్కడి స్లైడులూ కల్చర్ రిపోర్టూ వెంట ఇచ్చి పంపండి.

చుక్కలసీసా
@అమలాపురం_స్లిట్‌ల్యాంప్ రెండో సీసా ఇచ్చేటప్పుడు పాతది ఖాళీగా వెనక్కి తెమ్మనండి. ఎంత మిగిలిందో చూస్తే రాత్రిపూట వేస్తున్నారో లేదో తెలుస్తుంది. గంటకోసారి పడితే 5 మి.లీ. సీసా నాలుగైదు రోజులకి మించి రాకూడదు.